రేకు కింద వేడి

పోయిన వారం సోని మదర్‌బోర్డును రెండు చేతుల్లో పట్టుకుని కదలకుండా నిలబడ్డ చోట మనం ఆగాం. పెద్ద కొడప్‌గల్ పక్క తండా పిల్ల ఆమె. ఇరవై మూడేళ్ళుంటాయి. బాన్సువాడ బస్టాండు వెనక సందులో ఆశన్న నడిపే కంప్యూటర్ రిపేరు దుకాణంలో నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. ప్రాసెసర్‌ను తయారుచేసినవాళ్ళు పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పరుగెత్తించే ఓవర్‌క్లాకింగ్ పోటీకి ఎంపికైన నలభై మందిలో తనొకతె. అందరికీ ఒకే రకం ప్రాసెసర్‌ను సీలు వేసి పంపారు. బోర్డు, కూలర్ మాత్రం ఎవరికి వాళ్ళే ఎంచుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఎవరి ఊళ్ళో వాళ్ళు కెమెరా ముందు కూర్చుని, ఆ ఊరి ఎండలోనే, అరగంట సేపు దాన్ని తూలకుండా నడిపించాలి. మొదటి పదిమందికి హైదరాబాదు ల్యాబులో ఉద్యోగం. ప్రాసెసర్ కాలిందంటే ఇంకోటి ఇవ్వరు. ఆమె దరఖాస్తులో స్పాన్సరుగా సంతకం పెట్టింది సాయిబాబు. పెళ్ళిళ్ళ వీడియోలు తీసే స్టూడియో అతనిది. బోర్డూ, లిక్విడ్ కూలరూ తెచ్చిచ్చింది కూడా అతనే. పెట్టె కొత్తదే. కానీ బోర్డు మీద మెరుస్తున్న రేకుకున్న ఒక స్క్రూ తల అరిగి ఉంది.

అది శుక్రవారం పొద్దున పదకొండు గంటలు. బయట రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీంచి వేడిగాలి దుకాణంలోకి కొడుతోంది.

"ఏమైంది బిడ్డా, గట్లనే నిలబడ్డవ్?" అన్నాడు ఆశన్న తన కుర్చీలోంచి.

"కాకా, గీ స్క్రూ సూడు. మనకంటే ముందుగాల ఎవలో ఇప్పిండ్రు."

"అమ్మెటోడు తనిఖీకి ఇప్పిండేమో."

"తనిఖీకి రేకెందుకు ఇప్పుతడు కాకా? తీగలు పెట్టి సూస్తే సాలు గదా."

ఈ ఏడాదిగా ఆశన్న బోర్డుల గురించి ఎక్కువ మాట్లాడడం మానేశాడు. అరవై రెండేళ్ళ మనిషి. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్లకొచ్చాడు. సోనికి సోల్డరింగ్ పట్టుకోవడం దగ్గర్నుంచీ అన్నీ ఆయనే నేర్పాడు. పోయిన ఏప్రిల్ తర్వాత ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. అప్పట్నుంచీ స్క్రూడ్రైవర్ సోని చేతికే ఇస్తున్నాడు.

సోని నాలుగు స్క్రూలూ విప్పి రేకు ఎత్తింది. పైనుంచి చూస్తే అది చేతి మందాన ఉన్న అల్యూమినియం దిమ్మెలాగా కనిపిస్తుంది. ఎత్తితే కాగితం బరువు లేదు. లోపల స్పాంజి ముక్క అంటించి ఉంది. దాని కింద, ప్రాసెసర్‌కు కరెంటు అందించే చిన్న చిన్న నల్ల ముక్కలు వరసగా ఉండాల్సిన చోట సగమే ఉన్నాయి. మిగతా సగం ఖాళీ గుర్తులు.

వేగం పెంచితే ప్రాసెసర్ కరెంటు ఎక్కువ గుంజుతుంది. ఆ కరెంటంతా ఈ నల్ల ముక్కల్లోంచే పోవాలి. ఇవి ఎన్ని ఎక్కువుంటే భారం అంత పంచుకుంటాయి. వీటి మీద బరువైన లోహం ఉంటే వేడి బయటికి పోతుంది. సోనికి ఇది మొదటి సంవత్సరంలోనే ఆశన్న తన పద్ధతిలో చెప్పాడు. "ప్రాసెసర్ పొలం అనుకో. గీ నల్ల ముక్కలు కాలువ తూములు. నీళ్ళు ఎక్కువ ఇడిస్తే తెగేది తూము, పొలం గాదు. అందరు పొలాన్నే సూస్తరు."

"కాకా," అంది సోని నెమ్మదిగా, "పోయినేడు కాలిపోయిన బోర్డు ఉన్నది గదా. ఒకసారి ఇయ్యి."

ఆశన్న ముఖం తిప్పుకున్నాడు. "అదెందుకిప్పుడు?"

"సూడాలె."

ఆయన లేచి, పై అరలోంచి ఒక తువ్వాలు మూట దించి ఆమె ముందు పెట్టాడు. తాను మాత్రం దగ్గర నిలబడలేదు.

పోయిన ఏప్రిల్‌లో సాయిబాబు స్టూడియోకు ఆశన్న ఒక కంప్యూటర్ తయారుచేశాడు. వీడియోలు త్వరగా రావాలని వేగం పెంచమని సాయిబాబే అడిగాడు. పన్నెండో రోజు అది పొగలు కక్కి ఆగిపోయింది. దాంతోపాటు అందులోని డిస్కులూ పోయాయి. పదకొండు పెళ్ళిళ్ళ వీడియోలు పోయాయి. వాటిలో ఒకటి సోని వాళ్ళ తండా జమునాబాయి కూతురి పెళ్ళి. ఆ పెళ్ళిలో జమునాబాయి మామ మంగ్యా, ఎనభై ఏళ్ళ ముసలాయన, మనవరాలి ముందు కర్ర పట్టుకుని ఆడాడు. పెళ్ళయిన తొమ్మిదో రోజున చనిపోయాడు. ఆయన కదులుతూ కనిపించే బొమ్మ ప్రపంచంలో ఆ ఒక్కటే. జమునాబాయి సందు మొదట్లో నిలబడి, అందరూ వింటుండగా, "నీ చేతులు పడిపోను" అని ఆశన్నను శపించింది. ఆ మాట ఊళ్ళో చాలామంది విన్నారు. వినని వాళ్ళు మిగతావాళ్ళ నోట విన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆయన దగ్గర కొత్త కంప్యూటర్ కట్టించుకోలేదు.

సోని మూట విప్పింది. మాడిన బోర్డు మీది రేకు తీసింది. అదే స్పాంజి, అవే సగం ముక్కలు. ఒకచోట మూడు ముక్కలు కరిగి బోర్డుకు రంధ్రం పడింది. ఆ రెండు బోర్డుల మీదా తెల్ల అక్షరాల్లో అచ్చేసిన పేరు ఒకటే.

"పోయినేడు బోర్డు వచ్చిన పెట్టె ఏది కాకా?"

"ఆ మూలకు ఉన్నది. పాత రిమోట్లు వేసిన అండ్ల."

సోని రిమోట్లు బల్ల మీద గుమ్మరించి పెట్టెను వెలుతురులోకి తిప్పింది. పెట్టె మీది పేరు చివర 'ప్లస్' అని ఉంది. లోపలొచ్చిన బోర్డు మీద ప్లస్ లేదు. ఇవాళ సాయిబాబు తెచ్చిన పెట్టె మీద కూడా ప్లస్ ఉంది. బోర్డు మీద లేదు.

"కాకా, ఇటు రా. వచ్చి సూడు. నువ్వు పెట్టింది ప్లస్ బోర్డు కాదు."

ఆశన్న వచ్చి కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. పెట్టెను చూశాడు, బోర్డును చూశాడు, మళ్ళీ పెట్టెను చూశాడు. బల్ల అంచు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

మాటలతో కొట్లాట పెట్టుకోవడం సోనికి ఇష్టంలేదు. అంకె ఉండాలి. పోటీ ప్రాసెసర్‌ను ముట్టుకోకుండా, దుకాణంలో ఉన్న అదే రకం పాతది ఒకటి తీసి సాయిబాబు తెచ్చిన బోర్డులో పెట్టింది. అతను తెచ్చిన లిక్విడ్ కూలర్‌నే బిగించింది. రైస్‌మిల్లు మెకానిక్ లింగం బేరింగుల వేడి చూసే తుపాకీ లాంటి థర్మామీటరును ముందురోజే అడిగి తెచ్చుకుంది. దాన్ని పక్కన పెట్టుకుని వేగం పెంచి పరీక్ష మొదలుపెట్టింది.

పన్నెండు దాటిన కాసేపటికి సాయిబాబు వచ్చాడు. మహమ్మద్ నగర్ దగ్గర కాలువ కింద వాళ్ళకు పొలాలున్నాయి. వాళ్ళ తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ముప్పై ఏళ్ళవాడు, నవ్వు ముఖం మనిషి. లోపలికొస్తూనే తెర మీద అంకె చూసి సంబరపడ్డాడు.

"డెబ్బై ఆరు డిగ్రీలేనా? నలభై మూడు డిగ్రీల ఎండలో డెబ్బై ఆరు. చూశావా సోనీ, లిక్విడ్ కూలరంటే అదీ. నేను చెప్పలేదూ?"

"ప్రాసెసర్ సల్లగనే ఉన్నదన్నా. పక్క అంకె సూడు."

"ఏంటది?"

"వేగం. అయిదు దశాంశం రెండు గిగాహెర్ట్జ్‌తోని షురూ చేసిన. ఇప్పుడు మూడు దశాంశం తొమ్మిది. పదినిమిషాలల్ల పడిపోయింది."

సాయిబాబు కుర్చీ లాక్కున్నాడు. "సెట్టింగ్ ఏదో తప్పు పెట్టుంటావ్."

సోని తుపాకీని రేకు తీసిన చోటికి గురిపెట్టి మీట నొక్కింది. ఎర్రచుక్క నల్ల ముక్కల మీద పడింది. అంకె నూట పద్దెనిమిది.

"కరెంటు ఇచ్చే ముక్కలు కాలుతున్నయ్. ఇంకా కాలొద్దని బోర్డే వేగం తగ్గిస్తుంది. పోయినేడు బోర్డుల సాఫ్ట్‌వేర్ పాతది, గా తగ్గించుకునే తెలివి కూడ లేకుండె. నీ కూలర్ గాలి డబ్బా మూతకాడ తిరుగుతుంది. గీ ముక్కల మీదికి చుక్క గాలి వస్తలేదు." ఆమె మీట నొక్కి యంత్రాన్ని ఆపేసింది. "ఇగ ఇది సూడన్నా."

రెండు పెట్టెలు, రెండు బోర్డులు బల్ల మీద వరసగా పెట్టింది. పెట్టె మీది పేరు మీద వేలు పెట్టింది, తర్వాత బోర్డు మీది పేరు మీద పెట్టింది.

సాయిబాబు చూశాడు. ముఖంలో నవ్వు పోయింది గానీ గొంతు గట్టిగానే ఉంది. "డీలర్ మోసం చేశాడన్నమాట. సోమవారం వాడి సంగతి చూస్తాను."

"ఈసారి మోసం చేసిండేమో. మరి పోయినేడు?"

"అప్పుడూ వాడే."

"మూడేండ్ల వారంటీ ఉన్న బోర్డు పన్నెండు దినాలల్ల కాలిపోతే వారంటీకి ఎందుకు పంపలే అన్నా? కాక నిన్ను మూడుసార్లు అడిగిండు. నేను ఇక్కడనే ఉన్న. వద్దులే, పోనీ, అన్నవ్. పంపితే వాళ్ళు ముందుగాల పేరు సూస్తరు. అందుకే పంపలేదా?"

సందులోంచి ఆటో ఒకటి వెళ్ళిపోయింది. సాయిబాబు ఆశన్న వైపు చూశాడు. ఆయన బల్ల వైపే చూస్తున్నాడు, అతని వైపు చూడడం లేదు. బహుశా అదే సాయిబాబును లొంగదీసింది. ఆయన తిట్టి ఉంటే అతనూ ఏదో ఒకటి అనేవాడు.

"అప్పుడు ప్లస్ బోర్డు రావడానికి పదిరోజులు పడుతుందన్నాడు డీలర్," అన్నాడు చివరికి. "పదకొండు పెళ్ళిళ్ళు చేతిలో ఉన్నాయి. మామూలు బోర్డు తెస్తే ఆశన్న గారు వేగం పెంచరు. అది నాకు తెలుసు. అందుకని ఆ డీలర్ని ఖాళీ ప్లస్ పెట్టె ఒకటి ఇమ్మని నేనే అడిగాను. రెండూ పైకి ఒకలాగే ఉంటాయిగా. కాలుతుందనుకోలేదు సోనీ, ఒట్టు. ఈసారి మాత్రం నిజంగా ప్లస్సే కొన్నాననుకున్నాను. ఎవరో విప్పి వాపసిచ్చిన మామూలు బోర్డు పెట్టిచ్చాడన్నమాట. వాడికి ఆ దారి నేర్పింది నేనేగా."

"కాలినంక ఎందుకు చెప్పలే?"

"చెబుదామనే బయల్దేరాను. నేనొచ్చేసరికి అందరూ అప్పటికే ఆయన్ని అనేశారు."

ఆ మాటకు ఆశన్న తలెత్తాడు. కోపంగా లేదు ఆయన ముఖం. ఎక్కడో దూరంగా ఉన్న లెక్క చూస్తున్నట్టుంది.

"దినాం యాది చేసుకునేటోన్ని," అన్నాడు. "వోల్టు ఎంత పెట్టిన అని. ఒకటి దశాంశం మూడు పెట్టిన్నా, నాలుగు పెట్టిన్నా అని. మూడే పెట్టిన అని నా మనసు చెప్తది. మరి కాలింది గదా, అంటే చెయ్యే తప్పిందని అనుకున్న. ఏడాది సంది గదే అనుకుంటున్న సాయిబాబు. నా చెయ్యి తప్పలేదంటవా?"

"తప్పలేదు బాబాయ్ గారూ," అన్నాడు సాయిబాబు. ఆ పిలుపుతో అతను ఇంతకుముందెప్పుడూ పిలవలేదు.

ఆశన్న తన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. అది వణుకుతూనే ఉంది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

సోని బోర్డులను పక్కకు జరిపింది. ఏడుస్తే పని ఆగుతుంది. "నీ స్టూడియోల ఇప్పుడు నడుస్తున్న కంప్యూటర్ల ఏ బోర్డు ఉన్నది?" అని అడిగింది.

"అసలు ప్లస్సు. అది కాలిన తర్వాత నిజాయితీగా కొన్నది. మందపాటి అల్యూమినియం దిమ్మె ఉంటుంది దానికి."

"అది నాకు కావాలె. ఆదివారం దాకా."

"సీజన్ సోనీ. ఎడిటింగ్ మొత్తం దాని మీదే…"

ఆమె మాడిన బోర్డును అతని ముందుకు జరిపింది. సాయిబాబు సరేనన్నట్టు తల ఊపాడు.

"ఇంకోటి," అంది. "జమునాబాయి ఇంటికి పోయి నీ నోటితోని చెప్పాలె. రేపు పొద్దుగాల."

అప్పుడు కలగజేసుకున్నది ఆశన్నే. "సోమవారం చెప్పనీ బిడ్డా. పోటీ అయిపోనీ. ఆమె కొడుకు వినోద్‌కుమార్ ఎసొంటోడో నీకు ఎర్కే. వచ్చి స్టూడియో పగలగొడ్తడు, ఈడికి వచ్చి నీ మిషిన్ ఎత్తుకపోతడు. ఏడాది మోసిన, ఇంక రెండు దినాలు మొయ్యనా?"

సోని ఆలోచించింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. వినోద్‌కుమార్ కోపం తండాలన్నీ ఎరిగినదే. ఈ ఉద్యోగం కోసం ఆమె రెండేళ్ళుగా చూస్తోంది. రెండు రోజులు ఆగితే ఎవరికీ ఏమీ కాదు. కానీ సాయిబాబు కూడా అప్పుడు ఇలాగే కదా అనుకున్నాడు, పెళ్ళిళ్ళ సీజన్ అయిపోనీ అని. మంగ్యా తాత ఆ పెళ్ళిలో ఆడుతున్నప్పుడు ఆమె పక్కనే చప్పట్లు కొడుతూ ఉంది. ఆయన ముఖం ఆమెకు గుర్తుంది. జమునాబాయికి అది కూడా మెల్లగా చెరిగిపోతూ ఉండి ఉంటుంది.

"వద్దు కాకా. ఇప్పటికే ఏడాదైంది. రేపే పోతడు."

శనివారం పొద్దున ఎనిమిదింటికి సాయిబాబు స్టూడియో కంప్యూటర్ విప్పి బోర్డు తెచ్చిచ్చి, మోటారుసైకిలు మీద పెద్ద కొడప్‌గల్ వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు సోనితో ఏదో చెప్పబోయి, చెప్పకుండా హెల్మెట్ పెట్టుకున్నాడు.

బోర్డు అసలుదే. సోని దిమ్మె విప్పి చూసింది. పన్నెండుకు పన్నెండు నల్ల ముక్కలూ ఉన్నాయి. వేడిని దిమ్మెకు చేర్చే మెత్తటి పట్టీలు సరిగ్గా కూర్చుని ఉన్నాయి. ప్రాసెసర్‌కు కరెంటు తెచ్చే తీగలు గుచ్చడానికి రెండు సాకెట్లున్నాయి. మళ్ళీ బిగించింది.

కూలర్ దగ్గర ఆశన్న అడ్డం పడ్డాడు. "లిక్విడ్‌దే పెట్టు. ప్రాసెసర్ సల్లగుంటది. పోటీల గదే గదా సూస్తరు."

"అరగంటసేపు వేగం పడకుండ ఉండుడు సూస్తరు కాకా." అరలోంచి రెండు ఫ్యాన్ల గాలి కూలర్ దించింది సోని. ఎత్తయిన అల్యూమినియం రెక్కల గోపురం అది. చూడ్డానికి లైట్లూ గీట్లూ లేవు. "నీళ్ళది పెడితే ప్రాసెసర్‌కు లాభం, బోర్డుకు నష్టం. ఇది పెడితే దీని గాలి దిమ్మె మీంచి పోతది. గీ ఎండల నీళ్ళు కూడ ఎంతసేపని సల్లగుంటయ్? పది డిగ్రీలు ఎక్కువైనా ఫికర్ లేదు, ఒక్క తీరుగ ఉండాలె."

"నువ్వు గీ మాట చెప్తవా లేదా సూద్దామనే అడిగిన," అన్నాడు ఆశన్న. ఏడాదిలో మొదటిసారి ఆయన పెదవి చివర కొంచెం కదిలింది.

పోటీ ప్రాసెసర్ సీలు కత్తిరించేటప్పుడు సోని చేతులు చెమటపట్టాయి. రెండుసార్లు తుడుచుకుంది. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు బియ్యపు గింజంత పెట్టి, కూలర్ దించి, నాలుగు మూలల స్క్రూలూ ఒకదానికి ఎదురుగా ఒకటి కొంచెం కొంచెంగా బిగించింది. పన్నెండు గంటలకు, రేపు ఎలా చెయ్యాలో అలాగే, తలుపు తెరిచి ఉంచి, పరీక్ష మొదలుపెట్టింది. వేగం అయిదు దశాంశం ఆరు. గోడ మీద థర్మామీటరు ముప్పై తొమ్మిది చూపిస్తోంది.

పది నిమిషాలకు ప్రాసెసర్ ఎనభై నాలుగు. దిమ్మె డెబ్బై రెండు. పదిహేను నిమిషాలకు ఎనభై ఏడు, డెబ్బై ఎనిమిది. వేగం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆశన్న తుపాకీ పట్టుకుని ప్రతి నిమిషానికీ అంకె చదువుతున్నాడు.

ఇరవై రెండో నిమిషంలో సందులో ఆటో ఆగింది.

ముందు దిగింది వినోద్‌కుమార్. వెనక ఇంకో ఇద్దరు. ఎవర్నీ ఏమీ అడగకుండా లోపలికొచ్చి గోడకున్న ప్లగ్గు మీద చెయ్యేశాడు.

"గీ మిషిన్ మాతోని వస్తది," అన్నాడు. "మా తాత బొమ్మ పోగొట్టినోని బోర్డంట గదా ఇది. వాడే చెప్పిండు."

"అన్నా, ఎనిమిది నిమిషాలు," అంది సోని. లేవలేదు. లేస్తే చెయ్యి తగిలి ఏదైనా కదులుతుందని భయం. "గిట్ల గుంజితే లోపలిది ఖరాబ్ అయితది. ఎనిమిది నిమిషాలు ఆగు, తర్వాత నీ ఇష్టం."

"ఏడాది ఆగినం."

ఆశన్న లేచి గోడకానుకుని అతనికి అడ్డంగా నిలబడ్డాడు. వినోద్‌కుమార్ రెండో చేత్తో ఆయన భుజం పట్టుకున్నాడు.

"ఆగు," అన్న మాట గుమ్మంలోంచి వినిపించింది.

జమునాబాయి లోపలికొచ్చింది. యాభై దాటిన మనిషి. ఎండకు ముఖం కందిపోయింది. ఆశన్న ముందుకొచ్చి నిలబడి, ఆయన కుడిచేతిని చూసింది. ఆ చెయ్యి వణకడం ఆమె చూసింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ పిల్ల పని ఐపోనీ," అంది కొడుకుతో.

వినోద్‌కుమార్ చెయ్యి ప్లగ్గు మీద నుంచి తియ్యలేదు. కానీ గుంజలేదు. ఎనిమిది నిమిషాలూ ఆశన్న నిలబడ్డ చోటినుంచే తుపాకీ గురిపెట్టి అంకెలు చదివాడు. సోని వీపు మీద చెమట కాలువ కట్టింది. ముప్పయ్యో నిమిషంలో పరీక్ష ముగిసింది. వేగం అయిదు దశాంశం ఆరు. ప్రాసెసర్ ఎనభై తొమ్మిది, దిమ్మె ఎనభై ఒకటి. ఒక్కసారి కూడా పడలేదు. రాష్ట్రంలో ఈ ఎండలో ఈ అంకె ఎంతమందికి వస్తుందో సోనికి తెలుసు. పదిమందిలో ఆమె ఉంటుంది. ఆ సంతోషాన్ని ముఖం మీదికి రానివ్వలేదు.

"అయిందా?" అంది జమునాబాయి.

"అయింది అత్తా."

"నేను మిషిన్ కోసం రాలే. దీన్ని నేనేం చేసుకోను?" ఆమె ఆశన్న వైపు తిరిగింది. "నేను అన్న మాట సందుల నిలబడి అన్న. పదిమంది ఇన్నరు. ఇప్పుడు నేను నీ దుకాన్ల కూసోని తప్పైందన్న అంటే, అది ఎవలు ఇంటరు? వాడు వచ్చి మా ఇంట్ల చెప్పిండు. మా నలుగురం ఇన్నం. ఊరికి ఎట్ల తెలుస్తది?"

"నువ్వు అన్నవు, అదే సాలు జమునాబాయి," అన్నాడు ఆశన్న.

"సాలదు. రేపు గీ పిల్ల పోటీని అందరు ఫోన్లల్ల చూస్తరట గదా. మా తండా మొత్తం చూస్తది. బాన్సువాడ చూస్తది. షురూ చేసే ముందు సాయిబాబు గా కెమెరా ముందట నిలబడి, పెట్టె మార్చింది నేను, ఆశన్న తప్పు లేదు, అని చెప్పాలె. చెప్తె మా వినోద్ ప్లగ్గు ముట్టడు. చెప్పకుంటే మిషిన్ మాతోని వస్తది. ఇంతే."

అప్పుడు సాయిబాబు గుమ్మంలోకి వచ్చాడు. అతనూ ఆ ఆటోలోనే వచ్చాడు, ఇప్పటిదాకా బయటే నిలబడ్డాడు. చొక్కా గుండీ ఒకటి తెగి ఉంది. "నేను చెప్తానన్నాను," అన్నాడు. "దార్లోనే ఒప్పుకున్నాను." తర్వాత సోని వైపు చూసి, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నాడు. "నిన్న మధ్యాహ్నమే నీకు చెప్పాల్సింది. పదకొండో నియమం గుర్తుందా నీకు?"

సోనికి గుర్తుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ పోటీ నియమాలను రెండుసార్లు చదివింది. ఒక వస్తువు పేరు పెట్టి ఇంకో వస్తువు అంటగట్టినట్టు స్పాన్సర్ ఎప్పుడైనా ఒప్పుకుంటే, అతని తరఫున వచ్చిన పోటీదారు పేరు కూడా కొట్టేస్తారు. స్పాన్సర్‌ను మార్చుకునే గడువు శుక్రవారం సాయంత్రంతో అయిపోయింది. రేపు సాయిబాబు ఆ మాట కెమెరా ముందు అన్న క్షణాన ఆమె అంకె ఎంతైనా లెక్కలోకి రాదు.

ఆశన్నకు ఆ సంగతి తెలియదు. జమునాబాయికి తెలియదు. తను కాక సాయిబాబు ఒక్కడికే తెలుసు. వద్దని తను చిన్నగా తల ఊపితే, ఏదో ఒక సాకు చెప్పి తప్పుకోవడానికి అతను సిద్ధంగా ఉన్నాడని అతని ముఖం చూస్తే తెలుస్తోంది.

జమునాబాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏంది గుసగుస? ఇండ్ల ఏమన్న అడ్డమున్నదా బిడ్డా?"

సోని కుర్చీలోంచి లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి జమునాబాయి ఎదురుగా నిలబడింది.

"ఉన్నదత్తా," అంది. "కాక గూడ ఇనాలె. ఇద్దరికి చెప్త. ఇన్నంక గా ప్లగ్గు పీకాల్నో వద్దో నువ్వే చెప్పు."